కొండవాలు మీద గోల్ఫ్: బెల్లా విస్టాలో కొత్తగా ఆడేవాళ్లకి

"అక్కా, డల్లాస్‌లో ఆడినప్పుడు రౌండుకి ఒకటో రెండో బంతులు పోయేవి. ఇక్కడ పదకొండో హోల్ దాటకముందే డజను అయిపోయాయి" అన్నాడు మా టీములో కొత్తగా చేరిన తమ్ముడు. స్వింగ్ పాడైపోయిందని, కోచ్‌ని వెతుక్కోవాలని టెన్షన్ పడుతున్నాడు. అతని స్వింగ్ నేను చూశాను, బాగానే ఉంది. చదును నేల మీద నేర్చుకున్న ఆటని తెచ్చి కొండ మీద అలాగే ఆడుతున్నాడు. ఆ రోజు లంచ్‌లో అతనికి చెప్పినవీ, చెప్పడానికి టైం చాలనివీ ఇక్కడ రాస్తున్నాను. బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉండటం వల్ల ఏటా మనవాళ్లు చాలామంది ఇటు వస్తున్నారు, వాళ్లలో కొందరికైనా పనికొస్తుంది.

నేను బెంటన్‌విల్‌లో పనిచేస్తాను, ఆనుకునే ఉన్న బెల్లా విస్టాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. గోల్ఫ్ కర్ర మొదటిసారి పట్టుకున్నది నలభై నాలుగో ఏట. మాది నర్సీపట్నం. చిన్నప్పుడు సెలవులన్నీ అమ్మమ్మ వాళ్ల జీడితోటలో గడిచేవి. ఏటవాలు మీద నిలబడి పళ్లు ఏరేటప్పుడు "పాదం కింద మెరకెటో పల్లమెటో చూసుకుని అప్పుడు వంగవే" అనేది అమ్మమ్మ. ఇక్కడ గోల్ఫ్ ఆడేటప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చిన మాట అదే.

బెల్లా విస్టా ఆర్కన్సా రాష్ట్రంలో వాయవ్య మూలన, మిజోరీ సరిహద్దుని ఆనుకుని, ఓజార్క్ కొండల్లో ఉంది. 1917లో లైన్‌బార్గర్ అన్నదమ్ములు దీన్ని వేసవి విడిదిగా మొదలుపెట్టారు. 1965లో జాన్ కూపర్ ఇళ్ల స్థలాలు వేసి, చెరువులు కట్టించి, గోల్ఫ్ కోర్సులతో పెద్ద ఊరుగా పెంచాడు. కోర్సులు, చెరువులు, కాలిబాటలు ఇళ్ల స్థలాల యజమానుల సంఘానివి. మేం నెలనెలా కట్టే డబ్బుతో నడుస్తాయి. అందుకే ఇక్కడి కోర్సు ఒక పక్క అడవి, ఇంకో పక్క ఎవరిదో పెరడు అన్నట్టు సాగుతుంది. ఈ రెండూ మనసులో పెట్టుకుని ఆడాలి.

ఏ కోర్సు, ఎన్ని కర్రలు

హైలాండ్స్, స్కాట్స్‌డేల్ లాంటివి మిట్టల మీద ఉంటాయి. కొన్ని లిటిల్ షుగర్ క్రీక్ అనే వాగు పక్కన, పల్లంలో ఉంటాయి. కొత్తవాళ్లు పల్లంలో ఉన్నదానితో మొదలుపెట్టి తర్వాత పైకి వెళ్లడం మంచిది. పెద్ద వాన పడిన మర్నాడు మాత్రం వాగు పక్క కోర్సు తెరిచారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఫీజులు, సభ్యులు కానివాళ్లకి ఏ టైముల్లో దొరుకుతుందన్నదీ ఆ ఫోన్‌లోనే అడిగేయండి, అవి మారుతుంటాయి.

టీ (ప్రతి హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) ఎంచుకునేటప్పుడు ముందున్నవాటిలో ఒకటి తీసుకోండి. చదును కోర్సులో మీరు ఏ రంగు టీ నుంచి ఆడతారో, ఇక్కడ దానికంటే ఒక మెట్టు ముందుకి రండి. కొండెక్కే హోల్ కార్డు మీద ఎంత పొడవని రాసి ఉంటుందో ఆడేటప్పుడు అంతకంటే చాలా పొడవుగా ఉంటుంది.

రూల్ ప్రకారం సంచిలో 14 కర్రల దాకా పెట్టుకోవచ్చు. నేను ఎనిమిది మోస్తాను: ఒక ఫైవ్ వుడ్, రెండు హైబ్రిడ్లు, ఏడు, తొమ్మిది నంబరు ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పుట్టర్. డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే కర్ర, ఇంట్లోనే ఉంటుంది. సన్నటి ఫెయిర్‌వేకి (టీ నుంచి జెండా వైపు కత్తిరించిన గడ్డి దారి) రెండు వైపులా ఓక్, హికరీ చెట్లు గోడలా నిలబడి ఉన్నప్పుడు ఇరవై గజాలు ఎక్కువ పోవడం కంటే గడ్డి మీద ఉండటం ముఖ్యం. ఐరన్లు కొనదలచుకుంటే పాతవి, చవకవి కొనండి. ఈ కొండల నేలంతా చెర్ట్ అనే రాయి. మన చెకుముకి రాయి జాతిదే. ఆకుల కింద కనిపించదు. నా మొదటి ఏడాదిలోనే కొత్త ఏడు నంబరు ఐరన్ అంచు దానికి తగిలి నొక్కుకుపోయింది. అప్పటి నుంచి అడవిలోకి వెళ్లినప్పుడు గరాజ్ సేల్‌లో కొన్న పాత కర్రే వాడుతున్నాను.

మెరక వైపు

ఒక్క ముక్కలో చెప్పాలంటే, బంతి తప్పిపోయేదే అయితే మెరక వైపు తప్పిపోవాలి. ఇక్కడ చాలా ఫెయిర్‌వేలు కొండ చరియని చెక్కి వేసినట్టు ఒక పక్కకి వాలి ఉంటాయి. మధ్యలో పడిన బంతి పల్లం వైపు దొర్లి, గడ్డి దాటి, అడవిలోకి దిగిపోతుంది. మా తమ్ముడి డజను బంతుల్లో సగం నడి ఫెయిర్‌వేలో పడినవే అయి ఉంటాయి. మెరక అంచుకి గురిపెట్టి కొడితే బంతి దొర్లుకుంటూ మధ్యకి వస్తుంది. ఒకవేళ ఇంకా పైకి పోయినా చరియకి తగిలి చాలాసార్లు కిందికి తిరిగొస్తుంది. పల్లం వైపు పోయినది తనంతట తాను తిరిగి రాదు. టీ మీద నిలబడగానే జెండా ఎక్కడుందో చూసేకంటే ముందు మెరక ఎటో చూడండి. తెలియకపోతే వాన నీళ్లు ఎటు పోతాయో ఊహించుకోండి.

ఇక నిలబడటం. ప్రాక్టీసు రేంజ్‌లో మనం చాప మీద నిలబడి కొడతాం, పాదాలు రెండూ ఒక మట్టంలో ఉంటాయి. ఇక్కడ పద్దెనిమిది హోళ్లలో అలా దొరికేది టీ మీద మాత్రమే. నాలుగు రకాల వాలులు ఉంటాయి. కిందివన్నీ కుడిచేతివాటం వాళ్లకి, ఎడమచేతివాటం వాళ్లు తిరగేసుకోండి.

బంతి మీ పాదాల కంటే ఎత్తులో ఉంటే అది ఎడమకి పోతుంది. కర్రని కొంచెం కిందికి పట్టుకోండి, నిటారుగా నిలబడండి, గురి కుడికి జరపండి. కర్ర ఎంత పొట్టిదైతే, అంటే వెడ్జ్ అయితే, ఎడమకి అంత ఎక్కువ లాగుతుంది.

బంతి పాదాల కంటే కింద ఉంటే కుడికి పోతుంది. అన్నిటికంటే కష్టమైనది ఇదే. మోకాళ్లు బాగా వంచి, కొట్టేంతవరకు ఆ వంపు వదలకూడదు. మధ్యలో లేచారా, కర్ర బంతి నెత్తి మీద తగులుతుంది. ఇక్కడ ముప్పాతిక స్వింగ్ చాలు. దూరం ఆశ వదిలేసి, ఎడమకి గురిపెట్టి, బంతిని మెల్లగా కొట్టి ముందుకి పంపండి.

ఎక్కుడు వాలు మీద, అంటే ఎడమ పాదం పైన, కుడి పాదం కింద ఉన్నప్పుడు, భుజాలని వాలుకి సమాంతరంగా వంచండి. బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది కాబట్టి ఒక సైజు పొడుగు కర్ర (ఏడుకి బదులు ఆరు) తీసుకోండి. దిగుడు వాలు మీద దీనికి తలకిందులు: బంతి కిందుగా పోయి ఎక్కువ దొర్లుతుంది. బంతి కొంచెం కుడి పాదం వైపు ఉండేలా నిలబడి, కొట్టాక కర్రని వాలు వెంబడే కిందికి పోనివ్వాలి. బంతిని పైకి లేపాలని చేతులతో ఎత్తితే కర్ర ముందు నేలకి తగులుతుంది. కర్రకున్న వంపే బంతిని లేపుతుంది, దాన్ని నమ్మండి.

ఒక చిట్కా. కొట్టే ముందు బంతి పక్కన, అదే వాలు మీద, రెండుసార్లు ఉత్తి స్వింగ్ చేసి కర్ర గడ్డిని ఎక్కడ తాకిందో చూడండి. అక్కడ బంతి ఉండేలా నిలబడండి. పైన చెప్పినవన్నీ మరచిపోయినా ఈ పని ఒక్కటి చేస్తే సగం గండం గడుస్తుంది.

దూరం లెక్క కూడా మారుతుంది. గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీకంటే పది గజాలు ఎత్తులో ఉంటే దూరానికి సుమారు పది గజాలు కలుపుకోండి, అంటే దాదాపు ఒక సైజు పొడుగు కర్ర. కింద ఉంటే అంతే తీసేయండి. నాలాగా బంతి కిందుగా ఎగిరేవాళ్లకి ఈ తేడా ఇంకా ఎక్కువ. గాలి విషయంలో మోసపోకండి. టీ దగ్గర చెట్ల చాటున ఆకు కూడా కదలదు, బంతి చెట్ల తలలు దాటగానే గాలి పట్టుకుంటుంది. నేలని కాకుండా కొమ్మల చివర్లని చూడండి.

అడవిలో పడ్డాక

ముందు కళ్లతో పట్టుకోండి. బంతి అడవిలోకి పోతోందని తెలియగానే మనం మొహం తిప్పేసుకుంటాం. అలా చేయకండి. అది మాయమైన చోట ఒక చెట్టుని గుర్తుపెట్టుకోండి: వంగినదా, రెండు మొదళ్లదా, ఎండిందా. ఆ చెట్టు మీద నుంచి చూపు తిప్పకుండా నడవండి. బంతి పోయే దారిలో ఇల్లున్నా, అటు ఎవరైనా ఉన్నా గొంతెత్తి "ఫోర్!" అని అరవండి. మొహమాటం వద్దు, పెరట్లో పిల్లలు ఆడుకుంటుంటారు.

దొరకదేమో అనిపిస్తే అక్కడి నుంచి కదలకముందే ఇంకో బంతి కొట్టండి. కొట్టే ముందు "ప్రొవిజనల్ కొడుతున్నాను" అని పైకి చెప్పాలి. చెప్పకపోతే ఆ రెండో బంతే అసలు బంతి అయిపోతుంది. వెతకడానికి మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదు ఉండేవి. తర్వాత అది పోయినట్టే, ఒక పెనాల్టీ కలుపుకుని ఆ ప్రొవిజనల్ బంతినే ఆడాలి, అది కొట్టి ఉండకపోతే మొదటి చోటు నుంచే మళ్లీ కొట్టాలి. కొన్ని చోట్ల రెండు స్ట్రోకుల పెనాల్టీతో ఫెయిర్‌వే అంచున వేసుకునే లోకల్ రూల్ పెడతారు. ఆ రోజు అది ఉందో లేదో ప్రో షాపులో (కోర్సు కౌంటర్లో) ముందే అడిగితే చాలా నడక తప్పుతుంది.

వెతికేటప్పుడు మీరు అనుకున్న చోటికంటే ఇవతలే మొదలుపెట్టండి. చెట్టుకి తగిలిన బంతి ఎక్కువగా ఆ చెట్టు దగ్గరే పడుతుంది. వాలు ఉంటే పల్లం వైపు, దొర్లి ఆగే మొదలో రాయో ఉన్న చోట చూడండి. వెతుకుతూ మీ కాలు తగిలి బంతి కదిలితే పెనాల్టీ లేదు, తిరిగి అక్కడే పెట్టాలి. అక్టోబరు చివర నుంచి ఆకులు రాలి నేలంతా కప్పేస్తాయి. పసుపు బంతి ఆ ఆకుల్లో కలిసిపోతుంది, గులాబి రంగుది కనిపిస్తుంది. మా గుంపులో నవంబరులో ఆకుల కింద పోయిన బంతికి పెనాల్టీ వేసుకోం. ఇది మాలో మేం అనుకున్నది, పోటీల్లో చెల్లదు.

దొరికింది. ఇప్పుడే అసలు పరీక్ష. రెండు చెట్ల మధ్య సందు, ఆ సందులో జెండా కనిపిస్తుంది. నాకు ఆట నేర్పిన పెద్దాయన ఇక్కడ ముప్ఫై ఏళ్ల నుంచి ఆడుతున్నారు. ఆయన ఆ సమయంలో నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పేవారు. "అటు చూడమ్మా, ఫెయిర్‌వే ఎంత వెడల్పుగా ఉందో" అనేవారు. పార్ ఫోర్ హోల్, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సింది అనుకోండి. టీ నుంచి ఒకటి, అడ్డంగా ఫెయిర్‌వే మీదికి రెండు, గ్రీన్ మీదికి మూడు, అక్కడ రెండు పుట్టులు (బంతిని దొర్లించే దెబ్బలు), మొత్తం ఐదు. గ్రీన్ చేరడానికి ఇంకొకటి పట్టినా ఆరు. సందులోంచి కొట్టబోతే చెట్టుకి తగిలి ఇంకా లోపలికి పోతుంది. అలా ఎనిమిదీ తొమ్మిదీ అయిన హోళ్లు నా పాత కార్డుల నిండా ఉన్నాయి. ప్రతిసారీ అన్నిటికంటే వెడల్పైన సందులోంచి బయటపడాలని నియమం పెట్టుకున్న ఏడాది 117 నుంచి 104కి వచ్చాను. ఆ ఏడాది స్వింగ్‌లో నేను మార్చింది ఏమీ లేదు.

బయటపడటానికి ఆరో ఏడో నంబరు ఐరన్ తీసుకుని, బంతి కుడి పాదం దగ్గర ఉండేలా నిలబడి, చేతులు బంతికంటే ముందు పెట్టి, నడుం ఎత్తు వరకే వెనక్కి తీసి, నడుం ఎత్తులోనే ఆపండి. బంతి కొమ్మల కింద నుంచి పాకినట్టు పోతుంది. సందు వెడల్పుతో పాటు పైన వేలాడే కొమ్మని కూడా చూసుకోండి. బంతి చుట్టూ రాలిన ఆకులు, పుల్లలు తీసేయొచ్చు, కానీ తీస్తుండగా బంతి కదిలితే ఒక పెనాల్టీ. కాబట్టి బంతికి ఆనుకున్న ఆకుని వదిలేయండి. బతికున్న కొమ్మని విరవడానికీ, వంచి పక్కకి పెట్టడానికీ వీల్లేదు, రెండు స్ట్రోకులు పడతాయి.

బంతి రాళ్ల మధ్యో వేర్ల మీదో ఉంటే మణికట్టు విరగ్గొట్టుకోకండి. ఆడలేనని ప్రకటించి, ఒక పెనాల్టీతో, రెండు కర్రల దూరం లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి బంతిని వదలొచ్చు. ఎర్ర గుంజలున్న చోటయితే (పెనాల్టీ ఏరియా) బంతి లోపలికి దాటిన చోటు నుంచి రెండు కర్రల దూరం కొలుచుకోవాలి. తెల్ల గుంజల (కోర్సు హద్దు) అవతల పడితే ఆట లేదు. అది ఎవరిదో ఇల్లు, బంతి కనిపిస్తున్నా పెరట్లోకి అడుగుపెట్టకండి. ఇంట్లోవాళ్లు బయటే ఉంటే పలకరించి అడగండి, చాలామంది వాళ్లే విసిరేస్తారు.

గ్రీన్, కార్ట్

గ్రీన్ మీద కళ్లని పూర్తిగా నమ్మడానికి లేదు. చుట్టూ కొండ వాలి ఉంటే చదునైనది వాలుగా, వాలుగా ఉన్నది చదునుగా అనిపిస్తుంది. పాదాలతో చూడండి, ఏ కాలి మీద బరువు పడుతోందో తెలుస్తుంది. హోల్‌కి పల్లం వైపు నుంచి వాలు చదవడం తేలిక. గ్రీన్ మీదికి కొట్టేటప్పుడు కూడా హోల్‌కి కింది వైపు ఆగేలా కొట్టండి. పైనుంచి కిందికి పెట్టే పుట్ గ్రీన్ దాటిపోవచ్చు. బంతి పడి గుంట అయితే అంచులని మధ్యకి నొక్కి సర్దండి. చెట్ల నీడలో గ్రీన్‌కి ఎండ తక్కువ, గాయం మానడానికి చాలా రోజులు పడుతుంది.

కార్ట్‌ని వాలుకి అడ్డంగా నడపకండి, నిలువుగా ఎక్కి నిలువుగా దిగండి. తడి ఆకుల మీద చక్రం జారుతుంది. కార్ట్‌లోంచి కిందికి దిగేటప్పుడు బ్రేక్ క్లిక్‌మని పడేదాకా నొక్కండి. చలికాలం ఉదయం మంచు గడ్డకట్టి ఉంటే ఆట ఆలస్యంగా మొదలుపెడతారు. ఆ గడ్డి మీద నడిస్తే గడ్డిపోచలు విరిగి అడుగుల ముద్రలు రోజుల తరబడి ఉంటాయి, విసుక్కోకుండా ఆగండి. ఎలాగూ ఆగాలి కాబట్టి నేను ఫ్లాస్కులో టీ తీసుకెళ్తాను. ఏప్రిల్‌లో వెళ్లండి, రెడ్‌బడ్, డాగ్‌వుడ్ చెట్లు పూసి ఉంటాయి.

అడవిలో జాగ్రత్త, ఇంటికొచ్చాక కూడా

మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ చెట్ల మొదళ్లని అల్లుకుని ఉంటుంది. ఇది మన జీడి కుటుంబపు మొక్క. జీడిగింజ పెంకు రసం తగిలితే చర్మం ఎలా బొబ్బలెక్కుతుందో దీనివల్లా అలాగే అవుతుంది. ఆ జిగురు బంతికీ గ్లవ్‌కీ కూడా అంటుకుంటుంది, కాబట్టి వీలైనంత త్వరగా సబ్బుతో కడుక్కోండి. ఎండుటాకుల రంగులోనే ఉండే కాపర్‌హెడ్ పాము మన రక్తపింజరికి చుట్టం. చెయ్యి పెట్టే ముందు కర్రతో ఆకులు కదిపి చూడండి.

వీటికంటే నేను ఎక్కువ భయపడేది పిడుదులకి (టిక్స్). వెన్ను మీద తెల్ల చుక్క (ఆడదానికి) ఉండే లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుంది. మేక, గొర్రె, పంది, గొడ్డు లాంటి పాలిచ్చే జంతువులది ఏదైనా సరే. మా పరిచయస్తుల్లో ఒకబ్బాయికి ఆదివారం మటన్ తిన్న నాలుగు గంటలకి ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడక అత్యవసర విభాగానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. తిన్న వెంటనే రాకపోవడం వల్ల కారణం అదేనని తెలియడానికి నెలలు పట్టింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎంత ఉక్కపోసినా పొడుగు ప్యాంటు వేసుకోండి, అంచులని సాక్సుల్లోకి దోపండి. పర్మెత్రిన్ మందు ముందురోజే బూట్లకీ బట్టలకీ కొట్టి ఆరనివ్వండి. అది ఒంటికి రాసుకునేది కాదు.

ఇంటికి రాగానే సోఫాలో కూర్చోకండి. బట్టలు ఉతక్కముందే డ్రయ్యర్‌లో బాగా వేడి మీద ఒక పది నిమిషాలు తిప్పండి, పొడి వేడికి పిడుదులు చస్తాయి. స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుం పట్టీ దగ్గర, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో తడిమి చూసుకోండి. వీపు ఇంట్లోవాళ్లని చూడమనండి. కరుచుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా పైకి లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తీసిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. తర్వాత జ్వరమో దద్దుర్లో వస్తే డాక్టరు మొట్టమొదట అడిగేది ఆ తేదీనే.